జోతిమణి అత్త చాటుమాట

కోయంబత్తూరు దగ్గర కారమడైలో ఒక కల్యాణ మంటపంలో రైతుల మీటింగు పెట్టారు. జిల్లా ఆఫీసు నుంచి వచ్చిన అధికారి గోడ మీద రంగురంగుల బొమ్మలు చూపిస్తూ, మన జిల్లా ఎదగడానికి ఎన్ని దారులున్నాయో తమిళంలో చెప్పుకొచ్చాడు. సేద్యం, బనియన్లు, పంపుసెట్లు, కోళ్లు, కొబ్బరి పీచు, ఆఖరున పర్యాటకం. చెప్పడం అయ్యాక, "వీటిలో దేనికైనా మీరు ప్రయత్నించారా?" అని అడిగాడు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే మా జోతిమణి అత్త లేచి నిలబడింది.

"పర్యాటకం ఒక్కటే బాకీ సార్. మిగతావన్నీ చేసి చూసేశాను," అంది.

మంటపమంతా గొల్లున నవ్వింది. పక్కనున్న రంగరాజన్ మామ ఆమె కొంగు పట్టుకుని కిందికి లాగుతూ, "పళనికి నడిచి పోతిమే, అది లెక్కలోకి రాదా?" అని గొణిగాడట. మామ ఎప్పుడూ అంతే. అడగనిచోట మాట్లాడతాడు, అడిగినచోట తల గోక్కుంటాడు.

అత్త గొప్పకు చెప్పుకోలేదు. నిజంగానే అన్నీ చేసింది. పెళ్లై కారమడైకి వచ్చినప్పుడు వాళ్లది పత్తి చేను. బావి ఎండిపోయి పత్తి పోయింది. మామ కోయంబత్తూరులో పంపుసెట్ల ఫౌండ్రీకి పోయి అచ్చులు పోసే పనిలో చేరాడు. అత్త ఇంట్లో కూర్చుని తిరుప్పూరు బనియన్లకు దారపు కొసలు కత్తిరించింది. మోపెడ్ మీద మూటలు వచ్చేవి, మోపెడ్ మీదే పోయేవి. ఒక ఏడు ఫౌండ్రీకి ఆర్డర్లు పడిపోయి మామ ఇంటికొచ్చాడు, ఇంకో ఏడు మోపెడ్ రావడం మానేసింది. అప్పుడు కోళ్ల షెడ్డు వేశారు. ఎండాకాలం ఒక్క మధ్యాహ్నం కరెంటు పోతే షెడ్డులో సగం కోళ్లు చచ్చాయి. ఆ తర్వాత కొన్నాళ్లు పీచు మిల్లులో పని చేసి దగ్గు తెచ్చుకుంది. "మన జిల్లాలో పని లేదనేవాడు సోమరి, నిలిచే పని లేదనేవాడు తెలిసినవాడు," అని అత్త అంటుంది. ఇది సామెత కాదు, ఆమె సొంతం. కానీ మా బంధువుల్లో సామెత అయిపోయింది.

నేనెవరో చెప్పలేదు కదూ. అత్తకు అన్న కూతురిని, షణ్ముగప్రియని. తిరుప్పూరులో ఒక బనియన్ల కంపెనీ ఆఫీసులో పని చేస్తాను. మా ఇళ్లలో మాట్లాడేది తెలుగు. ఎప్పుడు వచ్చామో, ఏ ఊరి నుంచి వచ్చామో ఇప్పుడు ఎవరికీ తెలియదు. బడిలో చదివింది తమిళం. తెలుగు అక్షరాలు నేను ఉద్యోగంలో చేరాక పంతం కొద్దీ నేర్చుకున్నాను, అత్తకు ఈనాటికీ రావు. ఇదంతా ఆమెకు చదివి వినిపించాలి. తప్పులుంటే అప్పుడే తిట్లు తింటాను.

చివరికి అత్తకు నిలిచిన పని కరివేపాకు. బోరులో మళ్లీ నీళ్లు పడ్డాక, చుక్క చుక్కగా నీళ్లు వదిలే పైపులు పరిచి, సెంగాంబు రకం నాటింది. కాడ ఎర్రగా ఉంటుంది, ఆకు చిన్నది, వాసన మాత్రం వీధి చివరికి వస్తుంది. తెలుగువాళ్లు పనికిరాని మనిషిని కూరలో కరివేపాకులా తీసిపారేశారంటారు. ఆ మాట అత్త ముందు అనకూడదు. "తీసి పారేసేదానికే ఇంత వాసన ఉంటే, పారేసినవాడిది తప్పు," అంటుంది.

అయితే మేట్టుపాళయం మండీలో కరివేపాకు ధర పిచ్చివాడి చేతిలో రాయి. కేరళ లారీలు రెండెక్కువ వస్తే పండగ, రాకపోతే కోత కూలీ కూడా గిట్టదు. కోతకు వచ్చే ఆడవాళ్లకు వళ్ళి పెద్ద. తెల్లారకముందే తిరుప్పూరు కంపెనీల వ్యాను ఊళ్లోకొచ్చి హారన్ కొడుతుంది, సగం ఊరు ఎక్కి పోతుంది. వళ్ళి మాత్రం తన ఆడవాళ్లను కూడగట్టుకుని తోటలకు వచ్చేది. "వ్యాను ఎక్కితే మళ్లీ పొద్దు కనపడదు," అనేది. కానీ తోటలో పని నిలకడగా లేకపోతే ఎన్నాళ్లు ఆపగలదు?

ఇక్కడ మా వాళ్ల పాత జబ్బు ఒకటి చెప్పాలి, ఎందుకంటే కథంతా దాని మీదే నడిచింది.

మా వాళ్లకు తెలుగు చాటుమాట. బస్సులో, ఆసుపత్రిలో, పెళ్లిచూపుల్లో, చీరల అంగట్లో, ఎవరి ఎదుట ఏమనుకోవాలన్నా తమిళంలో నవ్వుతూ పలకరించి, అదే నవ్వుతో తెలుగులో అసలు సంగతి మాట్లాడుకుంటారు. అత్త ఇందులో ఆరితేరింది. మండీలో వ్యాపారి ఎదుటే మామతో, "ఇంకా కొంచెం బిగబట్టండి, వీడికి ఈ పొద్దు సరుకు అవసరము ఉండాది, కండ్లు చూడండి," అని కాఫీ బాగుందని చెప్పినంత తేలిగ్గా చెప్పేది. ఆ వ్యాపారికి తెలుగు వచ్చో రాదో ఎవరికీ పట్టదు. మాకు మాత్రమే వచ్చిన భాష అని మా నమ్మకం.

ఈ నమ్మకానికి వళ్ళి ఒక్కతే నవ్వేది. వళ్ళి వాళ్ల ఇంట్లో మాట్లాడేదీ తెలుగే. ఏళ్లపాటు వాళ్ల ముందే అత్తా మామా కూలీ సంగతులు "చాటుగా" మాట్లాడుకుంటుంటే ఆమె వినీ విననట్టు కోత కోసేది. ఒకరోజు ఉండబట్టలేక, "అమ్మణీ, మీరు చాటుగా మాట్లాడాలంటే ఇంగ్లీషు నేర్సుకోండి. దాంట్లో అయితే మాకు రాదు," అందట. అత్త రెండు రోజులు సిగ్గుపడి మూడో రోజు మరిచిపోయింది. గోడలకు చెవులుంటాయని అందరికీ తెలుసు, ఆ చెవులకు తెలుగు వస్తుందని మాత్రం మా వాళ్లు ఒప్పుకోరు.

మంటపం మీటింగులోనే ఇంకో మాట కూడా చెప్పారు. కోయంబత్తూరులో ఒక ఎగుమతి కంపెనీ పురుగుమందు కొట్టని కరివేపాకును సంవత్సరం పొడుగునా ఒకే ధరకు కొంటుంది, విమానంలో బయటి దేశాలకు పంపుతుంది. ఆకు ల్యాబులో పరీక్ష నెగ్గాలి, అంతే. అత్త ఆ మధ్యాహ్నమే పేరిచ్చి వచ్చింది.

సరిగ్గా అదే నెలలో మామ తమ్ముడు లక్ష్మణన్ వచ్చాడు. తోటలో సగం ఆయనది. కోయంబత్తూరులో గ్రైండర్ల అంగడి నడుపుతాడు, చెడ్డమనిషి కాడు. లేఅవుటు వేసేవాళ్లు తోట మొత్తం కావాలని ఆయన చుట్టూ తిరుగుతున్నారు. రంగు వేసిన హద్దురాళ్లు ముందే తెచ్చి గట్టు మీద దింపేసి పోయారు కూడా.

"వదినా, నేను తోటకి విరోధిని కాను," అన్నాడు లక్ష్మణన్. "ఎన్ని చేసినారు మీరు, ఏది నిలిచింది చెప్పండి. మాసి తేరు లోపల ఆ కంపెనీ ఒప్పుకునిందంటే సరి, నేను ఇంగ నోరెత్తను. లేదంటే నేల ఇచ్చేద్దాము."

మాసి తేరంటే మాఘమాసంలో జరిగే కారమడై గుడి రథోత్సవం. అత్త ఒప్పుకుంది. అందులో అన్యాయమేమీ లేదని ఆమెకూ తెలుసు. ఆ రోజు నుంచి ఆమె గుండెల మీద కుంపటి పెట్టుకునే తిరిగింది. వేపనూనె, పులిసిన మజ్జిగ తప్ప చెట్టు మీద మరొకటి పడనివ్వలేదు. ఆకు వెనక్కి తిప్పి తిప్పి చూసేది, గొంగళిపురుగు కనపడితే చేత్తో తీసి పారేసేది.

పరీక్షకు మనిషి వస్తున్నాడని ఫోను రాగానే నన్ను పిలిచింది. "ప్రియా, లీవు పెట్టి వచ్చేయి. కోట్లు సూట్లు వేసినోడు వస్తాడేమో, ఇంగ్లీషులో మాట్లాడేదానికి నువ్వు కావాల."

వచ్చినవాడు కోటూ వేయలేదు, సూటూ వేయలేదు. మోటారు సైకిల్ మీద వచ్చాడు. పేరు రాజ్‌మోహన్. ఎండకు ముక్కు కందిపోయి, వెలిసిన నీలం చొక్కాలో ఉన్నాడు. తమిళం మాట్లాడాడు గానీ రాళ్ల మీద నడిచినట్టు మాట్లాడాడు. మా కోయంబత్తూరు పక్క, తమిళం తడబడేవాళ్లంతా మాకు మలయాళం వాళ్లే. పాలక్కాడు దగ్గర కదా. ఇక ఎవరూ అడగలేదు.

"పాపము, అన్నము తిన్నాడో లేదో. మొగము వాడిపోయుండాది," అంది అత్త తెలుగులో, తమిళంలో "రండి సార్, రండి" అంటూనే.

నేనూ ఊరుకోవచ్చు కదా. నోటి దురద. "ఈ చొక్కా చూడు అత్తా, మా కంపెనీలో రిజెక్టు కుప్పలో ఇట్లాంటివే ఉంటాయి," అన్నాను, అతని వైపు మర్యాదగా నవ్వుతూ.

అతను తల వంచుకుని సంచీలోంచి కాగితపు కవర్లు తీసుకుంటున్నాడు. తోట మొదటి వరసలోకి నడిచాం. అవతల వరసలో వళ్ళి ఆడవాళ్లతో కలుపు తీస్తోంది. అతను ఆకు తిప్పి చూస్తున్నాడు, కాడ విరిచి వాసన చూస్తున్నాడు, అత్త మొహం వెలిగిపోతోంది. అంతా బాగుంది. మామ ఒక్కడే తేలు కుట్టిన దొంగలా వెనకపడి నడుస్తున్నాడు.

అతను బావి వైపు తిరగబోయాడు. మామ గబగబా వచ్చి అత్త పక్కన చేరాడు.

"జోతీ, అతడిని ఆ బావి పక్క మూలకి తోడకపోవద్దు."

"ఏమి?"

"వద్దంటే వద్దు."

నోట్లో నువ్వుగింజ నానని మనిషి రహస్యం దాచాడంటేనే కొంప మునిగిందని అర్థం. అత్త ఆగింది. మొహం మీద నవ్వు అలాగే ఉంది. "ఏమి చేసినారు?" అంది.

"నువ్వు పళనికి పోయినప్పుడు అక్కడ పురుగు కనపడింది. ఒకటి గాదు, ఆకు ఆకుకీ ఉండింది. నాకు బయమైపోయింది. తోట పోయిందంటే లక్ష్మణన్‌కి ఏమి బదులు చెప్పేది? అంగట్లో అడిగితిని. వాసన లేని పురుగు మరుందు అని ఇచ్చినాడు. ఆ మూల మట్టుకే కొడితిని జోతీ. నిజముగా ఆ మూల మట్టుకే."

అప్పుడు మా అత్త తిట్టిన తిట్లు నేను జన్మలో మరచిపోను. గొంతు పెంచలేదు. మొహంలో నవ్వు చెదరలేదు. దూరం నుంచి చూసేవాడికి, మొగుణ్ని ఇంకొంచెం అన్నం పెట్టుకోమని బతిమాలుతున్నట్టే ఉంటుంది.

"నా నెత్తిన మన్ను పోసినారే. ఇన్ని దినాలు మజ్జిగ, వేపనూనె అని నేను చెయ్యి పడిపోయేట్ల కొడితే, మీరు ఒక్క పొద్దులో తుడిచి పెట్టేస్తిరే. అడిగితే నా నోరు అరిగిపోతుందా? పురుగైతే ఏరి పారేసి ఉంటాను. మిమ్మల్ని ఏమని ఏరి పారేసేది?"

"ఇప్పుడేమైపోయింది? పడమటి పక్క తోడకపో. అక్కడ ఆకు పెరుక్కుంటాడు, పోతాడు. అతడికేమి తెలియబోతుంది?"

అత్త నాలుగడుగులు నడిచింది. రాజ్‌మోహన్ ముందు నడుస్తున్నాడు.

"పడమటికే తోడకపోతాను," అంది చివరికి. "కాని ఆ మూల ఆకు కంపెనీకి పోయేది లేదు."

"సరే, అది మండీకి పంపేద్దాము."

"మండీ ఆకు తినేవాళ్లకి కడుపు లేదా? ఈ పొద్దే మొదలంటా నరికి గుంతలో పూడ్చాల. ఒక్క రెమ్మ బయటకి పోకూడదు. మన మేకకి కూడా వెయ్యను."

నాకు చిరాకు వచ్చింది. "అంత ధర్మం మాట్లాడేదానివి, ఆ మనిషికే చెప్పేయరాదా అత్తా?" అన్నాను.

అత్త నా వైపు చూసింది. ఇప్పుడు నవ్వు లేదు. "చెప్తే తోట పేరే కొట్టేస్తాడు ప్రియా. గట్టు మీద రాళ్లు చూస్తివి కదా. మళ్లీ ఇంకొక పని మొదలు పెట్టేదానికి నాకు ఓపిక లేదు. బయముగా ఉండాది నాకు."

పడమటి వరసల్లో అతను ఆకు కోసుకున్నాడు, కవర్లలో వేసి అంటించాడు. మా ముగ్గురికీ ఊపిరి వచ్చింది. బావి గది నీడలో మంచం వాల్చి కూర్చోబెట్టి, అత్త పెద్ద గ్లాసు నిండా మజ్జిగ ఇచ్చింది. అతను గ్లాసు అందుకుని ఒకసారి వాసన చూశాడు.

"ఇది తాగేదే కదా అమ్మా? చెట్లకు కొట్టేది కాదు కదా?" అన్నాడు.

శుభ్రమైన తెలుగులో అన్నాడు.

మామ ఉన్నచోటే కూలబడ్డాడు. అత్త చేతిలో మజ్జిగ చెంబు ఒరిగి కాళ్ల మీద కారుతున్నా ఆమెకు తెలియలేదు. కలుపు వరసల్లోంచి వళ్ళి పకపకా నవ్విన నవ్వు మాత్రం నాకింకా వినిపిస్తూనే ఉంది. ఆమె ఏళ్లుగా ఎదురుచూసిన రోజది.

సిగ్గు పడాల్సిన నాకు కోపం వచ్చింది. "తెలుగువాళ్లని ముందే చెప్పొచ్చు కదండీ!" అన్నాను.

"చెబుదామనే అనుకున్నానండి. మీరు చొక్కా సంగతి ఎత్తాక మొహమాటం వేసింది." చొక్కా అంచు పట్టుకుని చూసుకున్నాడు. "తిరుప్పూరులోనే కొన్నాను. మీరన్నది నిజమే, రిజెక్టే."

మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టాడు. "మాది నంద్యాల పక్కన పల్లె. ఇక్కడికొచ్చి రెండేళ్లయింది, తెలుగు చెవిన పడటమే గగనం. మీరు మాట్లాడుకుంటుంటే మా అవ్వ మాట్లాడినట్టుంది. ఆపబుద్ధి కాలేదమ్మా. మధ్యలో మందు సంగతి వస్తుందని నాకేం తెలుసు?"

అత్త చేతులు జోడించింది. నేనామెను అలా ఎప్పుడూ చూడలేదు. "సారూ, తప్పు మాదే. కాని తోట పేరు కొట్టేయొద్దండి. ఆ మూలని నేనే నరికేస్తాను."

"విన్నానమ్మా. మండీకి కూడా పంపనన్నారు, అదీ విన్నాను." అతను ఆకు కవర్లు సంచీలో పెట్టుకున్నాడు. "నేను పోయిన ప్రతి తోటలోనూ ఒకటే పాట. మందు కొట్టలేదు సార్, కొట్టనే లేదు సార్. ల్యాబు నుంచి చీటీ వచ్చాక తెలుస్తుంది ఎవరి బండారమేమిటో. నిజం చెప్పినవాళ్లు మీరొక్కరే. అది కూడా నాకు చెప్పలేదు."

లేచి తిన్నగా బావి మూలకు నడిచాడు. అక్కడి ఆకు కూడా కోసి వేరే కవరులో వేసుకున్నాడు. తర్వాత మాకు అర్థమయ్యేట్టు నిదానంగా చెప్పాడు. రెండు కవర్లూ ల్యాబుకు పోతాయి. ఎక్కడ మందు పడిందో చెప్పిన రైతుకు కంపెనీ ఒక దారి ఇస్తుంది. పడమటి ఆకు శుభ్రంగా ఉంటే తోటను తీసుకుంటారు, ఈ మూలను మాత్రం ఒక కోత వదిలేసి మళ్లీ పరీక్ష చేస్తారు. పడమటి ఆకులో కూడా మందు కనపడితే ఇక తన చేతిలో ఏమీ లేదు. మందుకు హద్దులు తెలియవు, గాలి ఎటు తీసుకుపోతే అటు పోతుంది.

"మీరు కొట్టిన రోజు గాలి ఎటు వీచింది?" అని మామను అడిగాడు.

మామ తల గోక్కున్నాడు. "చూసుకోలేదు సార్."

ఆ సాయంత్రమే వళ్ళి బృందం బావి మూలను మొదలంటా కోసేసింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని గొణుగుతూ అత్త కూడా కొడవలి పట్టింది. గుంత తవ్వే పని మామకు పడింది. ఎవరూ సాయం పోలేదు, అత్త పోనివ్వలేదు. తవ్వినంతసేపూ వళ్ళి, "అయ్యా, ఇంకా లోతుగా, ఇంకా లోతుగా," అని తెలుగులోనే, గట్టిగా అంటూనే ఉంది. పచ్చటి ఆకంతా గుంతలో పడుతుంటే ఆ వాసన వీధి చివరిదాకా పోయింది. బంగారంలాంటి ఆకు. అత్త మట్టి వేసి కాలితో తొక్కి, అటు చూడకుండా ఇంటికి పోయింది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో అత్తకే తెలుసు. తిరుప్పూరు నుంచి నేను ఫోను చేస్తే, "గాలి పడమరకి పోయుంటుందా?" అని నన్ను అడిగేది. నాకేం తెలుసు? మామ పశ్చాత్తాపం వేరే తీరు. రోజూ పొద్దున్నే పడమటి వరసలోంచి గుప్పెడు ఆకు కోసి, కడగకుండా నమిలి మింగి, "చూడు జోతీ, నాకేమీ కాలేదు," అనేవాడట. "మీకేమైతుంది, మరుందుకే ఏమన్నా అయ్యుంటుంది," అనేది అత్త. అయినా నాలుగో రోజుకే ఆయన చేతిలో ఆకు లాక్కుని, చాలు ఇంక తినొద్దని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె కోపం అంతవరకే.

లక్ష్మణన్‌కు కూడా అత్తే ఫోను చేసి జరిగింది చెప్పేసింది. దాచి ఏం లాభం, ఇంకెవరికి తెలుగు వచ్చో అంది. ఆయన నవ్వాడు గానీ, "తేరు వరకే వదినా," అన్నాడు.

మాసి వచ్చింది. కారమడై రంగనాథుడి తేరుకు జనం దిగుతున్నారు. తేరు ముందు రోజు అత్త పూలు కొనడానికి బజారుకు పోయింది. మైకులు, బూరలు, కొబ్బరికాయల బేరాలు, ఆ గోలలో ఫోను మోగింది. రాజ్‌మోహన్.

"ఏమండీ? వినపడలేదు! గట్టిగా చెప్పండి!" అని తేరు వీధి నడిమధ్య అత్త తెలుగులో అరిచింది. జనం తిరిగి చూశారు. జన్మలో ఆమె వీధిలో అంత గట్టిగా తెలుగు మాట్లాడలేదు.

పడమటి ఆకు శుభ్రంగా ఉంది. ఒక్క చుక్క లేదు. బావి మూల ఆకులో మాత్రం మందు ఉంది, అతను ముందే చెప్పినట్టు. గాలి ఆ రోజు తూర్పుకు పోయి ఉండాలి, అటు తారు రోడ్డు తప్ప మరేమీ లేదు.

అత్త పూలమ్మే ఆమె పక్కనే అరుగు మీద కూర్చుని ఏడ్చేసింది. ఎవరో సోడా తెచ్చి ఇచ్చారు. ఎవరు పోయారమ్మా అని పూలమ్మే ఆమె అడిగితే, "ఎవరూ పోలేదు, నా తోట ఉండిపోయింది," అని చెప్పిందట. నేను కంపెనీలో ఉండగా నాకు ఫోను వచ్చింది. విన్నాక కుర్చీలో వెనక్కి వాలి, ఇన్నాళ్లూ నేను కూడా ఎంత భయపడ్డానో అప్పుడు తెలుసుకున్నాను. నెత్తిన పాలు పోసినట్టయింది.

తేరునాడు లక్ష్మణన్ కుటుంబంతో వచ్చాడు. అత్త వడ్డించిన అన్నం తిని, చెయ్యి కడుక్కుని, "సరే వదినా, మాట మాటే," అన్నాడు. ఆయన మొహంలో కూడా ఒక బరువు దిగినట్టే కనిపించింది నాకు. తాత నాటి నేల అమ్మేయాలని ఆయనకు మాత్రం సరదానా? హద్దురాళ్లు తీసుకుపొమ్మని అక్కడి నుంచే లేఅవుటు వాళ్లకు ఫోను చేశాడు. రెండు రాళ్లు ఉండనివ్వమంది అత్త, బట్టలు ఉతకడానికి బాగుంటాయని. రంగు వేసిన రాయి మీద మామ పంచె ఉతుకుతుంటే ఇప్పుడు చూడాలి.

ఇప్పుడు వారానికి రెండుసార్లు కంపెనీ వ్యాను తోట గట్టు దాకా వస్తుంది. వళ్ళి తన ఆడవాళ్లతో కోసి, కట్టలు కట్టి, తడి గోనె కప్పి ఎక్కిస్తుంది. పని నిలకడైందని తిరుప్పూరు వ్యాను ఎక్కే ఇద్దరు ముగ్గురు మళ్లీ తోటకు వచ్చారు. అత్త మాత్రం ఒక విషయంలో మారిపోయింది. తోటలోకి ఎవరొచ్చినా, కరెంటు మీటరు చూసేవాడైనా, వ్యాను మీద వచ్చే బీహారు కుర్రాడైనా, మొదట అడిగేది ఒక్కటే. "మీకు తెలుగు వస్తుందా?"

మొన్న బావి మూల కొత్త చిగుళ్లు కోతకు వచ్చాయని రాజ్‌మోహన్ మళ్లీ పరీక్షకు వచ్చాడు. కొత్త చొక్కా వేసుకొచ్చాడు, నా వైపు చూసి కాలరు సర్దుకున్నాడు. కవర్లు తీసి, కాగితం మీద పెన్ను పెట్టి, రాసుకోవడానికి అడగాలి కాబట్టి అడిగాడు. "ఈ మూలలో ఈసారి ఏమైనా కొట్టారా అమ్మా?"

ఆఫీసరు కాగితం పట్టుకుని నిలబడితే ఇన్నేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? అత్త కొంగు సర్దుకుని, నిటారుగా నిలబడి, మందే కొట్టలేదని మర్యాదగా తమిళంలో బదులిచ్చింది. "మరుందే అడిక్కలీంగ సార్."

రాజ్‌మోహన్ రాయలేదు. పెన్ను పైకెత్తి ఆమె వైపు చూశాడు.

"తెలుగులో చెప్పండమ్మా," అన్నాడు. "నమ్ముతాను."